కొలిచి కోసే పని పిల్లలకే వదలండి

లైబ్రరీలో టీనేజి పిల్లలకు పుస్తకాల బైండింగ్ లాంటి చేతిపని ఏదైనా నేర్పిద్దామని ఎవరైనా అనగానే పక్కనుంచి వచ్చే మొదటి మాట "కిట్లు తెప్పించేద్దాం". మనిషికో కవరు. అందులో కోసిపెట్టిన అట్టలు, చిల్లులు పొడిచేసిన కాగితాలు, కొలిచి తెంపిన దారం, ఓ సూది, బొమ్మలతో సూచనల కాగితం. గంటలో అయిపోతుంది. బల్లల మీద చెత్త పడదు. చివర్లో తీసే ఫొటోలో పన్నెండు నోటుపుస్తకాలూ ఒకే కొలతలో, ఒకే తీరుగా మెరిసిపోతాయి. చెన్నైలో అపార్టుమెంటు లైబ్రరీలు నడిపేవాళ్ళు, సెలవుల్లో తెలుగు పిల్లల్ని పోగుచేసే సంఘాలవాళ్ళు కూడా ముందు అడిగేది కిట్టు ఎక్కడ దొరుకుతుందనే.

పదమూడేళ్ళు దాటిన పిల్లల చేతికి ఇలాంటి కవరు ఇవ్వడం శుద్ధ దండగ అని నా అభిప్రాయం. డబ్బు సంగతి తర్వాత చూద్దాం. పుస్తకం కట్టడంలో బుర్ర పెట్టాల్సిన చోట్లు మూడో నాలుగో ఉంటాయి: కాగితం ఎటు మడవాలి, చిల్లు ఎక్కడ పడాలి, అట్ట ఎంత వెడల్పు కోయాలి, వెన్ను దగ్గర ఎంత ఖాళీ వదలాలి. అవన్నీ కిట్టు తయారుచేసినవాళ్ళే తేల్చేసి, దారం లాగే పని మాత్రం పిల్లలకు మిగిలిస్తున్నారు. ఆరేళ్ళ పిల్లకి అది చాలు. తొమ్మిదో తరగతి పిల్లకి మాత్రం, తన మీద మనకు నమ్మకం లేదన్న సంగతి ఇట్టే తెలిసిపోతుంది.

బైండింగ్‌నే పట్టుకుని మాట్లాడుతున్నానంటే కారణం ఉంది. లైబ్రరీలో నేర్పడానికి ఇంతకంటే దగ్గరి పని లేదు. ఖర్చు తక్కువ. నాలుగు శనివారాల్లో అయిపోతుంది. పైగా మన ఇళ్ళల్లో దీనికి పాత చుట్టరికం ఉంది. అటక మీద కాలికో గుడ్డ అట్టలేసిన బైండ్లు గుర్తు చేసుకోండి. వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు చించి, వరసపెట్టి, వీధి చివరి బైండరుకిస్తే అంచు పక్కనుంచి దబ్బనంతో పొడిచి కుట్టి ఇచ్చేవాడు. పుస్తకం ఉక్కులా ఉండేది గానీ పూర్తిగా తెరుచుకునేది కాదు. లోపలి మార్జిన్ పక్క అక్షరాలు కుట్టులోకి పోయి, నాయిక పేరు సగమే కనపడేది. ఆ తప్పు బైండరుది కాదు. విడి పేజీలకు మడత ఉండదు, మడతే లేనప్పుడు మడతలోంచి కుట్టడం ఎలా? పాత బైండు ఒకటీ, ఫారాలుగా, అంటే మడిచి ఒకదాంట్లో ఒకటి పెట్టిన కాగితాల కట్టలుగా, కుట్టిన పుస్తకం ఒకటీ పక్కపక్కన తెరిచి పెడితే పద్నాలుగేళ్ళ పిల్లకి రెండు నిమిషాల్లో తేడా తెలుస్తుంది. 1854లో మొదలైన వావిళ్ళవారి అచ్చాఫీసు కాలం నుంచీ తెలుగు పుస్తకాలు అచ్చయిన ఊరు చెన్నై. ఇక్కడి తెలుగు పిల్లల్లో తెలుగు మాట్లాడటం వచ్చి చదవడం రానివాళ్ళు చాలామంది. ఈ పనికి అది అడ్డం కాదు.

కాగితం ఎటు వంగుతుంది

కాగితానికి నార ఉంటుంది. మిల్లులో యంత్రం నడిచే దిక్కునే ఎక్కువ పోగులు పడుకుంటాయి. ఆ దిక్కున మడిస్తే కాగితం మాట వింటుంది, అడ్డంగా మడిస్తే ఎదురు తిరుగుతుంది. జిరాక్సు కాగితంలో, అంటే చదరపు మీటరుకు 70, 75 గ్రాములు తూగే (జీఎస్ఎమ్) ఏ4లో, నార సాధారణంగా పొడుగు వైపు, 297 మి.మీ. అంచు వెంబడి ఉంటుంది. దాన్ని సగానికి మడిచి ఏ5 నోటుపుస్తకం చేస్తే మడత నారకు అడ్డంగా పడుతుంది. మడత గరుకుగా వస్తుంది, పుస్తకం మూసినా నోరు తెరుచుకునే ఉంటుంది, వెన్నుకు జిగురు తడి తగలగానే కాగితం అలలు తేలుతుంది. కిట్లలో తరచూ కనపడేది ఈ ఏ5 పుస్తకమే.

అదే ఏ4ని ముందు అడ్డంగా రెండు ముక్కలు కోసి, ఒక్కో ముక్కను మడిస్తే 105 మి.మీ. వెడల్పు, 148 మి.మీ. ఎత్తు ఉన్న జేబు పుస్తకం వస్తుంది. ఇప్పుడు మడతా నారా ఒకే దిక్కు. కాగితం అదే, రీము అదే. అదనంగా ఒక్క కోత, అంతే. ఇది చెప్పేయకండి. తలో చదరపు ముక్క ఇచ్చి ఒక వైపే తడి గుడ్డతో అద్దమనండి. తడిసిన వైపు పోగులు లావెక్కి ముక్క గొట్టంలా చుట్టుకుంటుంది. గొట్టం ఎటు పొడుగ్గా పడుకుందో నార అటే. ఆ తర్వాత "ఏ4ని ఎలా కోస్తే మడత ఇటు వస్తుంది?" అని అడిగి ఊరుకోండి. బల్ల దగ్గర కాసేపు తమిళంలో, తెలుగులో గట్టిగా వాదన నడుస్తుంది. నడవనివ్వాలి. మొత్తం నాలుగు వారాల్లో వాళ్ళు ఇంటికి పట్టుకెళ్ళేది ఈ పావుగంటే అని నాకనిపిస్తుంది.

అట్టకూ నార ఉంటుంది, బట్టకూ ఉంటుంది. మూడూ వెన్నుకు సమాంతరంగా ఉండాలి. అట్టను కొద్దిగా వంచి చూస్తే ఒక దిక్కున తేలిగ్గా వంగుతుంది, రెండో దిక్కున మొరాయిస్తుంది. తేలిగ్గా వంగి ఏర్పడిన దోనె పొడుగు ఎటు ఉందో నార అటు.

కత్తి సంగతి

కిట్లు కావాలనేవాళ్ళ అసలు భయం కాగితం గురించి కాదు, కత్తి గురించి. అది న్యాయమైన భయమే. పన్నెండు మంది పిల్లలు, పన్నెండు కట్టర్లు, ఒక్క పెద్దమనిషి: ఇలా పెడితే ఎవరో ఒకరి వేలు తెగుతుంది. అయితే దానికి మందు కత్తులన్నీ దాచెయ్యడం కాదు, వాటి సంఖ్య తగ్గించడం. పన్నెండు మందికి రెండే కోత బల్లలు. బల్లకు ఒక కట్టర్, ఒక మందపాటి స్టీలు స్కేలు, ఒక కోత మ్యాటు, పక్కన పెద్దవాళ్ళు ఒకరు. మిగతావాళ్ళు ఆలోగా మడతలు పెడుతూనో చిల్లులు పొడుస్తూనో ఉంటారు. నిలబడే కోయాలి. కూర్చుంటే బరువు భుజం మీంచి కాక మణికట్టు మీంచి పడుతుంది, కత్తి పక్కకు జారుతుంది. స్కేలు కింది వైపు రెండు మాస్కింగ్ టేపు ముక్కలు అంటిస్తే అది అట్ట మీద జారదు. స్కేలు నొక్కే చెయ్యి వేళ్ళు అంచు దాటి బయటికి రాకూడదు.

2 మి.మీ. అట్టను ఒక్క వేటుకు తెంపాలని చూడటమే ప్రమాదాలకు మూలం. మొదటి గీత కత్తి బరువుతోనే, నొక్కకుండా. అది దారి. ఆ దారిలోనే ఎనిమిది, పది తేలిక గీతలు గీస్తే అట్ట తనంతట తనే విడిపోతుంది. బలంగా నొక్కుతున్నారంటే అలుగు మొద్దుబారిందని అర్థం. రెండు మూడు అట్టలకోసారి పెద్దవాళ్ళు మొన విరిచి కొత్త మొన బయటికి తియ్యాలి. విరిచిన ముక్కలు మూత ఉన్న డబ్బాలోకి పోవాలి, చెత్తబుట్టలోకి కాదు. ఊడ్చే ఆవిడ చేతులు కూడా చేతులే.

ఇవన్నీ చేసినా ప్రమాదం సున్నా అవదు. ఇంటినుంచి అనుమతి చీటీ తీసుకోవాలి, ప్లాస్టర్లు దగ్గర పెట్టుకోవాలి. అయితే ఇదే పిల్లలు ఇంట్లో కూరగాయలు కోస్తున్నారు, స్కూల్లో బ్లేడుతో పెన్సిళ్ళు చెక్కుతున్నారు. లైబ్రరీ గడప దాటగానే చేతులు రానివాళ్ళయిపోతారా?

మొదటివారం ఒట్టి చేతులతో పంపొద్దు

నా వాదనలో బలహీనత ఎక్కడుందో కూడా చెప్పాలి. కిట్టు ఇస్తే వచ్చిన ప్రతి పిల్లా పుస్తకంతో ఇంటికి వెళ్తుంది. కిట్టు లేకపోతే కొందరిది సగంలో ఆగుతుంది, కొందరిది వంకర వస్తుంది, రెండోవారం కొన్ని కుర్చీలు ఖాళీగా ఉంటాయి. ట్యూషన్లు, పరీక్షలు, క్రికెట్టు అన్నీ కాచుకుని ఉంటాయి. దీనికి నా దగ్గరున్న జవాబు పూర్తి జవాబు కాదు గానీ చాలావరకు పనిచేస్తుంది: మొదటివారం ఒకే ఫారం ఉన్న చిన్న పుస్తకం. కోత, కొలత అన్నీ వాళ్ళవే, అయినా రెండు గంటల్లో చేతికి వస్తుంది.

అయిదు సగం కాగితాలు మడిచి ఒకదాంట్లో ఒకటి పెడితే 20 పేజీలు. పైన ఒక మందపాటి చార్టు ముక్క. మడత మీద పైనుంచి 20, 74, 128 మి.మీ. దగ్గర మూడు గుర్తులు. పిడి ఉన్న దబ్బనంతో లోపలి నుంచే పొడవాలి, బయటి నుంచి పొడిస్తే మొన మడత తప్పి పక్కకు పోతుంది. దారం పుస్తకం ఎత్తుకు మూడు రెట్లు, 45 సెం.మీ., తేనెమైనం ముద్ద మీద ఒకసారి లాగాలి. సూది లోపలి నుంచి నడిమి చిల్లులో బయటికి, పై చిల్లులో లోపలికి, లోపల నడిమి చిల్లును దాటేసి కింది చిల్లులో బయటికి, మళ్ళీ నడిమి చిల్లులో లోపలికి. రెండు కొసలూ లోపలి పొడుగు దారానికి చెరోవైపు రావాలి, ముడి ఆ దారాన్ని పట్టుకుని పడాలి. రెండూ ఒకే వైపు వస్తే ముడి పట్టు దొరక్క వదులవుతుంది. నడిమి చిల్లులో రెండోసారి వెళ్ళేటప్పుడు సూది పాత దారాన్నే చీల్చుకుని వెళ్తే ఎంత లాగినా బిగియదు. బిగించేటప్పుడు దారాన్ని మడత వెంబడే లాగాలి, మన వైపు లాగితే కాగితం చిరుగుతుంది. చెడిందంటే ఈ మూడింట్లో ఏదో ఒకటి అయి ఉంటుంది. పక్కవాడి పుస్తకం చూసి ఏది చెడిందో చెప్పమంటే పిల్లలు మనకంటే ముందే చెప్తారు.

రెండోవారం అసలు పుస్తకం మొదలు. నాలుగేసి కాగితాల ఫారాలు ఎనిమిది, మొత్తం 128 పేజీలు. దీనికి పట్టేది 16 ఏ4 కాగితాలే, కాబట్టి పన్నెండు మందికీ తప్పులతో సహా ఒక రీము చాలు. చిల్లులకు ఎవరి కొలత చీటీ వాళ్ళే అట్టముక్క మీద చేసుకోవాలి: 15, 54, 94, 133 మి.మీ. ఇక్కడ తప్పనిసరిగా ఓ తంటా వస్తుంది. ఎనిమిదింట్లో ఏదో ఒక ఫారానికి చీటీ తలకిందులుగా పెడతారు. పిల్లల గుర్తులు రెండు వైపులా అచ్చంగా సమానంగా ఉండవు, అందుకని ఆ ఒక్క ఫారం వెన్ను మీద మి.మీ. పైకి పొడుచుకొస్తుంది. ప్రతి ఫారం తలమీదా పెన్సిలుతో చిన్న గీత పెడితే ఈ బాధ ఉండదు. అది మొదటే చెప్పాలా, ఒక ఫారం పాడయ్యాక చెప్పాలా అన్నది మీ ఇష్టం. నేనైతే పాడయ్యాకే అంటాను, నాలుగు కాగితాలకు మించి పోయేదేమీ లేదు.

కుట్టు విషయంలో క్లుప్తంగా: దారం మీటరున్నర, వెన్ను మీద ప్రతి ఫారాన్నీ కింది ఫారం కుట్టుకు తగిలిస్తూ వెళ్ళే లింకు కుట్టు, రెండు చివర్లా కింది ఫారాల మధ్యనుంచి సూది పోనిచ్చి ముడి. వదులుగా కుడితే ఫారాల మధ్య వెలుగు కనపడుతుంది. మరీ బిగిస్తే చివరలు నొక్కుకుపోతాయి. ఇది చేతికి తెలియాల్సిందే, మాటల్లో చెప్పి లాభం లేదు.

అట్ట చిన్నదైపోయింది

మూడోవారం వెన్నుకు ఫెవికాల్ పల్చగా రాసి, మందుల షాపులో దొరికే గాజుగుడ్డ అంటించి, బరువు కింద పెడతారు. అట్టలు కోసేది కూడా అప్పుడే. కిట్టు ఎందుకు వద్దంటున్నానో తెలియాలంటే ఈ వారం చూడాలి.

ఓ కుర్రాడు లెక్క వేసుకున్నాడు. 32 కాగితాలు మడిస్తే 64 ఆకులు, ఆకు మందం దాదాపు 0.1 మి.మీ., కాబట్టి వెన్ను 6.4. కాగితం మీద లెక్క తప్పు లేదు. వెన్ను పట్టీ ఆరున్నర మి.మీ. కోశాడు. బట్టకు అట్టలు అంటించి పుస్తకం లోపల పెడితే మూసుకోలేదు. "అక్కా, అట్ట చిన్నదైపోయింది." "అట్ట చిన్నదవలేదు నాన్నా, పుస్తకమే లావైంది." ప్రతి మడతలోనూ దారం ఉంది, ఎనిమిది దారాలు కలిసి వెన్నును దాదాపు రెండు మి.మీ. పెంచాయి. వాడు స్కేలు తెచ్చుకుని, కుట్టిన పుస్తకాన్ని వేళ్ళతో నొక్కి పట్టుకుని మళ్ళీ కొలిచాడు, తొమ్మిదికి ఒక గీత తక్కువ. ఏమీ మాట్లాడకుండా వెళ్ళి కోత బల్ల దగ్గర వరసలో నిలబడ్డాడు. కుట్టకముందు కాగితాల దొంతరను కొలవకూడదు, కుట్టాక నొక్కి కొలవాలి. ఈ వాక్యం సూచనల కాగితం మీద అచ్చేసి ఇస్తే ఎవరూ చదవరు.

మిగతా కొలతలివి. అట్ట ఎత్తు పుస్తకం ఎత్తు కంటే 6 మి.మీ. ఎక్కువ, వెడల్పు 3 మి.మీ. తక్కువ. అట్టకూ వెన్ను పట్టీకీ మధ్య 7 మి.మీ. సందు, అట్ట తెరుచుకునేది ఆ సందులోనే. బట్ట చుట్టూ 15 నుంచి 20 మి.మీ. ఎక్కువ ఉండాలి. మూలలు ఏటవాలుగా కోసేటప్పుడు అట్ట మూలకు 3 మి.మీ. దూరం వదలాలి, మూలను ఆనుకుని కోస్తే మడిచాక అట్ట బయటపడుతుంది. వదిలిన దూరం మరీ ఎక్కువైతే మూల ముద్దగా లేస్తుంది.

అమ్మ పాత చీర ముక్క తెచ్చి, కాలికోకి బదులు ఇది వెయ్యొచ్చా అని ఎవరో ఒకరు అడగడం ఖాయం. వెయ్యొచ్చు, కానీ నేరుగా కాదు. కాలికోకి గంజి పూత ఉంటుంది, జిగురు బయటికి ఊరదు. చీర ముక్కలో జిగురు ఊరి పైన మరకలు తేలతాయి, పట్టు అయితే మరీ. ముందు వెనకవైపు పల్చటి కాగితం అంటించి రాత్రంతా ఆరనివ్వాలి. అందుకని చీర ముక్కలు రెండోవారమే తెమ్మనండి.

అట్ట ఆరాక విల్లులా వంగిందంటే భయపడక్కర్లేదు. బట్ట తడిసి సాగి, ఆరేటప్పుడు కుంచించుకుని అట్టను తన వైపు లాగింది. నాలుగోవారం లోపలివైపు ఎండ్‌పేపరు, అంటే పుస్తకాన్నీ అట్టనూ కలిపే కాగితం, అంటిస్తే అది అటు లాగుతుంది. అంటించాక తడి పుస్తకంలోకి దిగకుండా ప్లాస్టిక్ కాగితం పెట్టి, పైన బరువైన డిక్షనరీలు రెండు. ఫ్యాను కింద తెరిచిపెట్టి ఆరబెడితే మాత్రం అన్నీ అప్పడాలే.

పెద్దవాళ్ళు చెయ్యాల్సింది

అన్నీ పిల్లలకే వదిలేయమని కాదు. పెద్ద అట్ట షీట్లను చెన్నై ప్యారీస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ వీధిలో కొన్నప్పుడే యంత్రం మీద పట్టీలుగా కోయించి తేవచ్చు, అది ఒట్టి శ్రమ. అక్కడ అట్టను ఔన్సుల లెక్కన అడుగుతారు, అంకెను నమ్మకుండా స్కేలు పెట్టి 2 మి.మీ. ఉందో లేదో చూసుకోండి. మైదా జిగురు ఇంట్లో కాచుకు రావాలి: కప్పు మైదాకు అయిదు కప్పుల నీళ్ళు. ఒక కప్పు చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, మిగతా నీళ్ళు మరిగాక అందులో పోసి, పిండి తెల్లదనం పోయి గాజులా అయ్యేదాకా సన్న మంట మీద తిప్పాలి. బైండర్లు పురుగు పట్టకుండా మైలుతుత్తం వేస్తారు. అది విషం, పిల్లల చేతుల్లో వద్దు. ఏ రోజు జిగురు ఆ రోజే, ఈ ఊరి ఉక్కకు మర్నాటికి పులుస్తుంది. బట్టకు ఫెవికాల్ ఒక్కటే రాస్తే ఫ్యాను గాలికి నిమిషాల్లో ఆరిపోయి, వంకరను సరిచేసే వ్యవధి ఉండదు. సగం మైదా జిగురు, సగం ఫెవికాల్ కలపండి.

చేతివేళ్ళు సరిగా సహకరించని పిల్లలకు చిల్లులు ముందే పొడిచి, మొండి మొన సూది ఇవ్వండి. చిల్లు ఎక్కడ పొడవాలో మాత్రం వాళ్ళే చెప్పాలి.

లైబ్రరీవాళ్ళ అభ్యంతరం ఒకటి నిజంగా పట్టించుకోవాల్సింది. మైదా జిగురంటే బొద్దింకలకూ పుస్తకాల పురుగులకూ విందు. పుస్తకాల బీరువాలకు దూరంగా, నీళ్ళ కుళాయి ఉన్న గదిలో పెట్టుకుని, ఆ సాయంత్రమే బల్లలు కడగాలి. ఇక "ఇదంతా లైబ్రరీ పనేనా?" అనే ప్రశ్న. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం మొదటి లైబ్రేరియన్‌గా చేరిన రంగనాథన్ 1931లో గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు ప్రకటిస్తే, అందులో మొదటిది పుస్తకాలు వాడకానికే అన్నది. వాడితే చిరుగుతాయి, చిరిగితే కుట్టాలి. అలాగని లైబ్రరీ పుస్తకాలను నాలుగు వారాల శిష్యుల చేతుల్లో పెట్టకండి. తీసేసిన పుస్తకాలో, ఇంటి పుస్తకాలో తెచ్చుకోమనండి. సెల్లోటేపు అతికించిన పేజీ పసుపు మరకతో ఎలా పాడైందో వాళ్ళకు చూపించడానికి అవి బాగా పనికొస్తాయి.

జూన్ చివర్నుంచి ఆగస్టు లోపల నాలుగు శనివారాలు చూసుకోండి. అక్టోబరు వానలు మొదలయ్యాక అట్టలు ఆరవు, ఆ తర్వాత పబ్లిక్ పరీక్షల హడావుడి. సర్టిఫికెట్లు అడిగే తల్లిదండ్రులకు పుస్తకం చూపించండి, వద్దన్నా కావాలంటే ఇచ్చెయ్యండి, అక్కడ పంతం అనవసరం.

కిట్లకు పెట్టే డబ్బుతో రెండు కోత మ్యాట్లు, మూడు స్టీలు స్కేళ్ళు, నాలుగు దబ్బనాలు, రెండు మంచి కట్టర్లు వస్తాయి. అవి మరుసటి ఏడాదికీ ఉంటాయి. స్కేళ్ళ మీద మాత్రం లైబ్రరీ పేరు చెక్కించండి, లేకపోతే మొదటి వారమే మాయమవుతాయి.